మూత సాలీడు ఏం తింటుంది

నమోదు 1

ఈ పూట గోదాములో కొర్రలు జల్లెడ పడుతుంటే దస్తగిరి వచ్చి ఒక డబ్బా నా బల్ల మీద పెట్టాడు. అతనిది మేమంతా బతికే ఈ కప్పు పైకెక్కి సోలార్ పలకల మీద దుమ్ము తుడిచే పని. బయటి నేల మీద కాలు పెట్టే కొద్దిమందిలో అతనొకడు. డబ్బా నిండా ఎర్రమన్ను. ఏముంది ఇందులో అని అడిగితే నన్నే చూడమన్నాడు.

మన్ను నడుమ చొక్కా గుండీ అంత గుండ్రటి గీత ఉంది. పట్టకారుతో గీరితే అది లేచింది. మట్టితోనూ దారంతోనూ చేసిన మూత. ఒక పక్క కీలు కూడా ఉంది. కింద వేలు పట్టేంత బొరియ. దాని లోపల నున్నగా పట్టు పూత.

"తలుపు పెట్టుకోనుండాది అక్కా," అన్నాడు దస్తగిరి. "నేను ఉత్తరం గోడ గొట్టం బోల్టు పడిపోతే వెతుకుతాంటి. తలుపు తెరుచుకొని మళ్ళా మూసుకున్యాది. మతి పోయిందనుకున్యా."

బొరియను కత్తితో చీల్చాను. అడుగున సాలీడు. గోధుమరంగు, పొట్టి కాళ్ళు, బరువైన ఒళ్ళు. లోపలి గోడలకు గూళ్ళు కట్టే సాలీళ్ళు నాకు బాగా తెలుసు. ఇది వాటిలాంటిది కాదు. వాటి కోరలు కత్తెర నోరులా ఎదురెదురుగా కలుస్తాయి. దీని కోరలు రెండూ పక్కపక్కనే కిందికి దిగి ఉన్నాయి, గునపాల్లాగా.

పేరుపెట్టెకు చూపించాను. పాత లోకంలోని జీవుల బొమ్మలన్నీ అందులో ఉండేవట. సగం చెడిపోయిన పెట్టె అది. అయినా తెలియదు అని చెప్పడం దానికి రాదు, ఉన్నవాటిలో దగ్గరి పేరేదో ఒకటి చెబుతుంది. మొదటిసారి ఒక పేరు చెప్పింది. సాలీడును కాస్త పక్కకు తిప్పి చూపిస్తే ఇంకో పేరు. దీపం మార్చి చూపిస్తే మూడోది.

కొత్త జీవి దొరికితే దొరికిన రోజు నుంచీ నమోదులు రాయాలని కప్పు నియమాల్లో ఉంది. ఇంతవరకూ ఆ నియమంతో ఎవరికీ పని పడలేదు. నా ఉద్యోగం గింజల్లో పురుగులు పట్టకుండా చూడటం. పురుగులు నా శాఖ కాబట్టి ఇదీ నా నెత్తినే పడింది. పేరు సుంకులమ్మ, ఎర్రమల కప్పు, గింజల గోదాము. ఇక్కడికి ఆపుతున్నాను, జల్లెడలో కొర్రలు అలాగే ఉన్నాయి.

నమోదు 2

మద్దిలేటన్న వచ్చాడు. కప్పుకు ఆయనే పెద్ద. కబురు పంపకుండా గోదాములోకి రావడం నాకు గుర్తున్నంతలో ఇదే మొదటిసారి. బస్తా మీద కూర్చుని, సీసాలోని సాలీడును చాలాసేపు చూశాడు. అప్పటికే దాన్ని సారాలో వేశాను. వివరణ రాయాలంటే ఒకదాన్ని చంపి మూల నమూనాగా దాచాలని పేరుపెట్టెలోని పాఠం చెప్పింది. చంపడం నాకు రోజూ ఉన్న పనే. కానీ మూత వేస్తుంటే, ఇలాంటిది లోకంలో ఇదొక్కటేనేమో అనిపించి చెయ్యి ఆగింది.

"సాలీడు మన్ను తినదు కదా సుంకులమ్మా," అన్నాడు మద్దిలేటన్న.

తినదన్నాను. ఆయన మనసులో ఏముందో నాకు అర్థమైంది. బయటిది చచ్చిన నేల అని మేమంతా బడిలో చదువుకున్నాం. పొడి ఏళ్ళలో చెట్లు పోయాయి, తర్వాత పురుగులు పోయాయి, ఆ తర్వాతే మా తాతలు ఈ కప్పు వేసుకుని లోపలికొచ్చారు. సాలీడు బతికి ఉందంటే దానికి తిండి ఉన్నట్టు. ఆ తిండికి ఇంకో తిండి ఉన్నట్టు. అలా వెళ్ళి వెళ్ళి నేల దగ్గర ఆగుతుంది లెక్క.

ఇది కొత్తదా, పాతదా అని అడిగాడు. పాతదైతే నేల ఎన్నడూ పూర్తిగా చావలేదని, కొత్తదైతే మళ్ళీ పుట్టిస్తోందని ఆయన ఊహ. నాకు తెలియదన్నాను. అది నిజం. ఇంతకు ముందు ఏమేం ఉండేవో తెలిస్తేనే కదా, ఇది లేదు అని చెప్పగలిగేది. పేరుపెట్టెలో లేనిది లోకంలో లేనిదా, లేక పెట్టెలో చెడిపోయిన సగంలో ఉన్నదా? ఈ ప్రశ్న దగ్గర రోజంతా కూర్చున్నాను. ముందుకూ కదలలేదు, వెనక్కీ రాలేదు.

నమోదు 3

వివరణ మొదలుపెట్టాను. కళ్ళు ఎనిమిది, తల ముందు చిన్న దిబ్బ మీద గుంపుగా. దవడల అంచున మన్ను తవ్వడానికి ముళ్ళ వరుస. పొట్ట కింద ఊపిరి పొరలు రెండు జతలు. మూత మందం, కీలు ఏ వైపున్నదీ రాశాను. ఆహారం అన్న చోట ఏమీ రాయలేదు.

రాత్రి అన్నం దగ్గర మా అమ్మాయి ఈశ్వరి, బయటి చేనుకు పేరు ఇచ్చానని చెప్పింది. నేనూ ఈశ్వరీ ఇద్దరమే ఉంటాం. కంచంలో చెయ్యి అలాగే ఉంచి ఏ చేను అని అడిగాను. మద్దిలేటన్న మనుషులను కూడగడుతున్నాడట. తొలకరికి ముందు బయటికి వెళ్ళి, గుడారాలు వేసుకుని, జొన్నా కొర్రా విత్తాలట. లోపలి తొట్లలో పైరు మూడేళ్ళుగా తగ్గిపోతోంది. ఆకు తెల్లబడుతోంది, కంకి నిండటం లేదు. ఏదో ఒకటి చెయ్యాలని అందరికీ తెలుసు. కానీ విత్తనానికని దాచిన గింజంతా బయటికి తీసుకెళ్ళి, అది మొలవకపోతే, వెళ్ళినవాళ్ళకే కాదు, ఉన్నవాళ్ళకీ తినడానికి ఉండదు. ఆ గింజ నా గోదాములోదే.

ఎందుకు ఇచ్చావని అడిగితే, "నీ సాలీడు ఉండాది కదమ్మా," అంది. అంతకన్నా నిదర్శనం ఏం కావాలన్నట్టు చూసింది.

నా సాలీడు అన్నది నాకు నచ్చలేదు.

నమోదు 5

దస్తగిరి ఇంకోటి తెచ్చాడు. ఇది గొట్టం దగ్గర దొరికింది కాదు. ఒకప్పుడు నీళ్ళు పారి, ఇప్పుడు ఎండిపోయిన వంక ఒకటి ఉంది, గంటన్నర నడక. అక్కడి స్తంభం మీద గాలి కొలిచే పరికరాన్ని బాగు చెయ్యడానికి పోయినప్పుడు ఇసుక మీద నడుస్తూ కనిపించిందట. బొరియ లేదు, మూత లేదు.

ఇది నల్లటిది. కాళ్ళు పొడుగు, ఒళ్ళు సన్నం. నోటి పక్కనుండే చిన్న కాళ్ళ చివర బుడిపెలున్నాయి. కోరలు మాత్రం అలాగే కిందికి దిగి ఉన్నాయి. పేరుపెట్టె దీనికి నాలుగో పేరు చెప్పింది. మొదటిదానికీ దీనికీ రంగు కలవదు, కాళ్ళ కొలతలు కలవవు, నడత కలవదు. రెండు వేర్వేరు జాతులని రాశాను. రాసి సంతకం పెట్టి మద్దిలేటన్నకు పంపాను.

సాయంత్రానికి కప్పు మైకుల్లో ఆయన గొంతు వినిపించింది. బయటి నేల మీద రెండు రకాల జీవులు దొరికాయని, గోదాము సుంకులమ్మ ఈ విషయం రుజువు చేసిందని. నీళ్ళ కొళాయి దగ్గర ఎవరో నా చెయ్యి పట్టుకుని ఊపారు. ఇంటికొచ్చాక ఈశ్వరి చెప్పింది, పేర్లిచ్చినవాళ్ళు ఒక్క గంటలో రెట్టింపయ్యారట.

నల్లదాన్ని ఇంకా చంపలేదు. సీసాలో గోడ వెంబడి తిరుగుతూనే ఉంది. ఎక్కడికో పోవలసిన మనిషి నడకలా ఉంది అది.

నమోదు 6

నేను రాసింది తప్పు.

దస్తగిరి గొట్టం దగ్గరి నుంచి బొరియతో సహా ఇంకో గోధుమరంగు సాలీడును పెళ్ళగించి తెచ్చాడు. దాన్ని మన్ను నింపిన గాజుతొట్టిలో పెట్టాం. రెండు రోజుల్లో అది మూత బాగు చేసుకుని లోపల కుదురుకుంది. ఈరోజు నల్లదాని సీసా కడగాలని దాన్ని కాసేపు అదే తొట్టిలో వదిలాను. ఒకటి రెండోదాన్ని తింటే, ఆహారం అన్న చోట రాయడానికి ఏదో ఒకటి దొరుకుతుంది కదా అని కూడా అనుకున్నాను. దాచడమెందుకు.

నల్లది మన్ను మీద అటూ ఇటూ తిరిగి మూత దగ్గర ఆగింది. ముందుకాళ్ళతో మూత మీద తట్టింది. ఆగింది. మళ్ళీ తట్టింది. నేనూ, గోదాముకు వచ్చిన ఈశ్వరీ గాజుకు ముఖాలు ఆనించి చూస్తున్నాం. మూత లోపలి నుంచి కొద్దిగా లేచింది. గోధుమరంగు కాళ్ళు రెండు బయటికొచ్చాయి, కరవడానికి కాదు. నల్లది వాటిని తన కాళ్ళతో నిమిరింది.

"అది ఆయప్ప అమ్మా," అంది ఈశ్వరి. "ఆయమ్మ ఇంటికొచ్చినాడు."

పేరుపెట్టెలో వెతికితే పాఠం దొరికింది. ఇంతకుముందే వెతికి ఉండవలసింది. బుడిపెలున్నది మగది. ఆడది పుట్టిన చోటే బొరియ తవ్వుకుని బతుకంతా అందులోనే ఉంటుంది. మగది పెద్దదయ్యాక బొరియ వదిలి, ఆడదాన్ని వెతుక్కుంటూ చచ్చేదాకా తిరుగుతుంది. ఎంత దూరం తిరుగుతుందో చెప్పే భాగం చెడిపోయింది.

జాతి ఒకటే. మద్దిలేటన్న దగ్గరికి వెళ్ళి, రెండు కాదన్నా ఒకటే అని చెప్పాను. మళ్ళీ మైకులో చెప్పమని అడిగాను. ఆయనకు కోపం రాలేదు. ఒకటైనా రెండైనా బతికుంది కదా అన్నాడు. మైకులో మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు.

నమోదు 8

ఈరోజు నేనే బయటికి వెళ్ళాను. పెళ్ళికి ముందు ఒకసారి బడి పిల్లలతో వెళ్ళాను, మళ్ళీ ఇప్పుడే. పొద్దున్నే వెళ్ళినా వెలుతురు కళ్ళలో గుచ్చింది. ముక్కుకు గుడ్డ కట్టుకున్నా దుమ్ము వాసన గొంతులోకి దిగింది. ఆకాశం అంత పైకి ఉంటుందని మరచిపోయాను. తల తిరిగితే దస్తగిరి భుజం పట్టుకున్నాను.

బొరియలన్నీ ఎక్కడున్నాయో చూపించమన్నాను. కప్పు ఉత్తరం గోడలోంచి ఒక పెద్ద గొట్టం బయటికి వస్తుంది. దాని మూతి చుట్టూనే ఉన్నాయి అన్నీ. వంగి చూస్తే ఒక్కటీ కనబడదు, మూత మీది మన్నూ చుట్టూ మన్నూ ఒకటే రంగు. దస్తగిరి పుల్లతో తాకి ఒక్కొక్కటీ చూపించాడు. గొట్టం నుంచి తడిగాలి వెచ్చగా వస్తోంది. దాని కింద పొట్టు కుప్పగా పడి ఉంది.

ఆ గొట్టం నా గోదాముదే. గింజలు తూర్పారబట్టే ఫ్యాన్లు పొట్టును అందులోకి ఊదుతాయి.

అప్పుడే నాకు అనుమానం వచ్చింది. ఒక బొరియను అడుగుదాకా తవ్వించాను. సాలీడు తిని వదిలేసిందంతా అడుగున పట్టుతో మెత్తి ఉంది. దాన్ని నీళ్ళలో నానబెట్టి, విడదీసి, భూతద్దం కింద పెట్టాను. పొడుగు ముక్కులు. ఒకటి కాదు, ముక్కుల కుప్ప. ముక్కుపురుగుల తలలవి. ఇరవై ఏళ్ళుగా నేను రోజూ చంపుతున్న పురుగులు. జల్లెడకు దొరకనివి పొట్టుతో పాటు గొట్టంలోంచి బయటపడుతున్నాయి. మూతల కింద ఇవి కాచుకుని కూర్చున్నాయి.

ఈ సాలీళ్ళు నేల మీద బతకడం లేదు. మా మీద బతుకుతున్నాయి.

దస్తగిరికి చెప్పాను. అతను గొట్టం మూతి వైపు చూశాడు. తర్వాత, మరి గొట్టం లేనప్పుడు ఇవెక్కడుండేవి అక్కా అన్నాడు. నేను దాన్ని ఆలోచించనేలేదు. మేము రాకముందే ఉన్నాయా? మాతోపాటు మన్నులోనో సామానులోనో వచ్చాయా? వస్తే ఎక్కడి నుంచి? లోపలికి నడిచి వచ్చేటప్పుడు ఈ ప్రశ్నలన్నీ ఒకదాని కాళ్ళకు ఒకటి అడ్డం పడుతూ నాతో వచ్చాయి.

నమోదు 9

మద్దిలేటన్నకు ముక్కుపురుగుల తలలు చూపించాను. ఆయన భూతద్దం పక్కన పెట్టి కళ్ళు నలుపుకున్నాడు. ఆయన ముఖంలో కనబడింది కోపం అయితే బాగుండేది.

నల్లదాని సంగతేమిటని అడిగాడు. అది వంకలో దొరికింది కదా. అక్కడ గొట్టం లేదు. నేను అదే ఆలోచిస్తున్నానని చెప్పాను. గొట్టం దగ్గర పుట్టి, ఆడదాన్ని వెతుక్కుంటూ అంత దూరం నడిచి ఉండొచ్చు. లేదా వంకలోనే పుట్టి ఉండొచ్చు. వంకలో ఒక్క ఆడది కనబడితే రెండోది నిజమని తేలుతుంది. కనబడకపోతే ఏదీ తేలదు, మూత వేసుకుని కూర్చున్నదాన్ని చూడలేకపోవడమూ, అది లేకపోవడమూ పైనుంచి ఒకలాగే ఉంటాయి.

వెళ్ళి చూడమన్నాడు. ఈశ్వరి నేనూ వస్తానంది. వద్దంటే దస్తగిరితో మాట్లాడుకుని నాకన్నా ముందే తలుపు దగ్గర నిలబడింది.

నమోదు 10

వంకలో పొద్దుటి నుంచీ నేలంతా పుల్లలతో గీరాం. ఎండ ముదిరాక గట్టు నీడలో పడుకున్నాం. నీళ్ళు సగం అయిపోయాయి. పోదామని దస్తగిరి లేస్తుంటే, గట్టు వాలు మీద మోకాళ్ళ మీద ఉన్న ఈశ్వరి నన్ను పిలిచింది. గట్టిగా కాదు, ఎవరో నిద్రపోతున్న గదిలో పిలిచినట్టు.

మూత. దస్తగిరి తెచ్చిన వాటికన్నా పెద్దది, పాతది. దాని అంచులు ఏటేటా కొత్త పొర వేసి పెంచినట్టు వలయాలు వలయాలుగా ఉన్నాయి. ఇది నిన్నా మొన్నా వచ్చింది కాదు.

పట్టకారు అంచు కింద పెట్టి ఎత్తబోయాను. లేవలేదు. ఇంకాస్త బలం పెడితే లోపలి నుంచి కిందికి లాగుతున్నట్టు చేతికి తెలిసింది. కోరలతో మూతను పట్టుకుని, కాళ్ళు గోడకు తన్నిపెట్టి ఉంటుంది. నేను లాగుతున్నాను, అది లాగుతోంది. పట్టకారు వదిలేశాను.

చుట్టుపక్కల ఇంకొకటి ఉందేమోనని ముగ్గురమూ వెతికాం. కనబడలేదు.

తవ్వమంది ఈశ్వరి. అడుగున ఏముందో చూస్తే తేలిపోతుంది కదా అంది. నిజమే. అందుకోసమే ఇంత దూరం వచ్చాం. పార దస్తగిరి చేతిలో సిద్ధంగా ఉంది. ముసలి ఆడదాన్ని బొరియలోంచి తీస్తే మళ్ళీ తవ్వుకోలేక చచ్చిపోతుందని పాఠంలో ఉంది. అయినా ఒక సాలీడు, దానికి ఎదురుగా కప్పు నిండా మనుషులు. నేను తవ్వు అనాలి.

అనలేదు. ఎందుకనలేదో ఇక్కడ రాయాలని గంట నుంచీ కూర్చున్నాను. వంకలో మాకు దొరికింది ఇదొక్కటే, చంపితే వంకలో సాలీడు ఉంది అన్నది కూడా అబద్ధమవుతుందని ఒక కారణం. అడుగున ఇక్కడ కూడా ముక్కుపురుగుల తలలే ఉంటాయేమోనని భయం ఇంకో కారణం. ఏవీ ఉండకపోతే ఈశ్వరి ఆగిపోతుంది, ఏదైనా ఉంటే ఈశ్వరి వెళ్ళిపోతుంది. ఈ రెంటిలో నాకు ఏది కావాలో నాకే తెలియలేదు. తెలియని స్థితిలో పార వేయించకూడదనిపించింది. ఇది శాస్త్రం కాదని నాకు తెలుసు.

వెనక్కి వస్తూ ఈశ్వరి దస్తగిరి పక్కనే నడిచింది. గేటు దగ్గరికొచ్చాక మాత్రం, "అది ఎంత బలంగా లాగిందమ్మా?" అని అడిగింది. నేను తన చిటికెన వేలు పట్టుకుని లాగి చూపించాను.

నమోదు 11

సభ జరిగింది. తొట్ల దగ్గర పనివాళ్ళు కూడా చేతులు కడుక్కోకుండానే వచ్చారు. నన్ను ముందుకు పిలిచి, నేల బతికిందా లేదా చెప్పమన్నారు.

"గొట్టం దగ్గరివి మన గోదాము పురుగులు తిని బతుకుతాండాయి," అన్నాను. "వంకలో ఒకటుంది. అది చాలా ఏళ్ళ నుంచి ఉంది. అది ఏం తింటాదో నాకు తెలీదు. నేల బతికిందని నేను చెప్పలేను. చచ్చిందనీ చెప్పలేను."

అవును కాదు అని చెప్పమని వెనక నుంచి ఎవరో అడిగారు. ఇంకెవరో, చూసి కూడా తవ్వకుండా వచ్చిందంట అన్నారు. అది నిజమే కాబట్టి నేను తల వంచుకోలేదు, ఎత్తుకోనూ లేదు.

మద్దిలేటన్న అందరినీ ఆపి నన్ను ఒకే మాట అడిగాడు. "నీ బిడ్డ పోతానంటాంది. పంపిస్తావా?"

"పంపిస్తా. నేనూ పోతా."

ఆ మాట నా నోట్లోంచి వచ్చిందని అందరితో పాటు నేనూ విన్నాను.

చివరికి కొందరే వెళ్ళాలని తేలింది. విత్తనం కూడా అంతా కాదు, పోయినా తట్టుకోగలిగినంత. మద్దిలేటన్నకు ఇది తక్కువ, వద్దన్నవాళ్ళకు ఇది ఎక్కువ. గోదాము తాళాలు ఇంకొకరికి అప్పజెప్పి, ఫ్యాన్లు ఆపొద్దని చెప్పాను. గొట్టం దగ్గరివి ఆకలితో చస్తాయని. కొత్తగా వచ్చినావిడ నన్ను వింతగా చూసింది. పురుగులను చంపే మనిషి పురుగులకు తిండి ఆపొద్దంటోంది మరి.

నమోదు 13

వంక గట్టు మీద గుడారాలు వేశాం. గాలికి గుడ్డ కొట్టుకునే చప్పుడుకు ఎవరికీ నిద్ర పట్టదు. పొద్దున్నే లేచి విత్తనం వేసే గొర్రు మేమే లాగుతున్నాం, నలుగురు ముందు, ఒకరు వెనక. ఈశ్వరి అరచేతులు బొబ్బలెక్కి పగిలాయి. గుడ్డ చుట్టుకుని లాగుతోంది.

మాతో హుసేనప్ప తాత వచ్చాడు. కప్పు వేసేనాటికి ఆయన పన్నెండేళ్ళ పిల్లవాడు. ఆ వయసులో ఎందుకు తాతా అంటే, వాన మీద పడితే ఎట్లుంటాదో మళ్ళీ చూడాలన్నాడు. పని చెయ్యలేడు. విత్తనం సంచి దగ్గర కూర్చుని ఎవరెంత తీసుకున్నదీ చూస్తుంటాడు.

పొడి నేలలోనే కొర్ర విత్తేశాం. మబ్బు రోజూ పడమట లేస్తుంది, సాయంత్రానికి చెదిరిపోతుంది. నేను ముసలి సాలీడు మూత దగ్గరికి రోజూ వెళ్తాను. ఎప్పుడు చూసినా మూసే ఉంటుంది. దాని చుట్టూ చీమ కూడా నడవదు. ఏం తింటుంది ఇది? తిండి లేకుండా ఎన్నాళ్ళు ఉండగలదు? ఇక్కడ తినడానికి ఏమీ లేదని, అది మూతకింద ఎప్పుడో చచ్చిపోయి ఉంటుందని నిన్న అనిపించింది. కానీ నా చేతిని కిందికి లాగింది కదా.

నమోదు 14

వాన పడి నాలుగు రోజులైంది. ఇప్పటిదాకా చేతులు ఖాళీ లేవు. కొర్ర అక్కడక్కడా మొలిచింది. అంతటా కాదు. ఎందుకు కొన్ని చోట్లే మొలిచిందో తెలియదు. ముందు ఆ సాయంత్రం జరిగింది రాస్తాను.

మధ్యాహ్నమంతా కురిసింది. గుడారాల్లోకి ఎవరూ పోలేదు. హుసేనప్ప తాత చొక్కా విప్పి నడుమ నిలబడి, ముఖం పైకెత్తి, నోరు తెరిచి ఉన్నాడు. పొద్దు వాలే వేళకు వాన ఆగింది. నేల నుంచి వేడి ఆవిరి లేచింది. నేను గట్టు వాలు మీది మూత నీళ్ళకు కొట్టుకుపోయిందేమోనని పరుగెత్తాను.

మూత తెరుచుకుని ఉంది. సాలీడు సగం బయటికొచ్చి ముందుకాళ్ళు నేల మీద చాపి కూర్చుంది. బొరియలోకి నీళ్ళు పోయాయేమో అనుకుంటుండగా, దాని పక్కన జానెడు దూరంలో ఇంకో మూత లేచింది. అక్కడ నాకు ఎప్పుడూ మూత కనబడలేదు. ఆ జాగాను నేను రోజూ తొక్కుకుంటూ తిరిగాను. ఆ తర్వాత దానికవతల ఒకటి. గట్టంతా, ఈ చివర నుంచి ఆ చివరదాకా, నేల చిన్న చిన్న మూతలై లేస్తోంది. పెద్దవి, చిన్నవి, గింజంత ఉన్న పిల్లల మూతలు. కాలు ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడిపోయాను. ఇవన్నీ ఒక్కసారి బయటికి రావడం ఏదో జబ్బేమోనని కూడా అనుకున్నాను.

అప్పుడు నేల పగుళ్ళలోంచి అవి లేచాయి. సన్నటి పురుగులు, ఒంటికన్నా పొడుగు రెక్కలు నాలుగు. మొదట పొగ అనుకున్నాను. పది కాదు, వంద కాదు, ముఖం మీద, జుట్టులో, తడిచిన చీరంతా. సాలీళ్ళు ఒక్కొక్కటి చటుక్కున ముందుకు దూకి, ఒకదాన్ని పట్టుకుని, మూత వేసుకుని, మళ్ళీ తెరిచి ఇంకోదాన్ని పట్టుకుంటున్నాయి. మా వాళ్ళు కొందరు అరుచుకుంటూ గుడారాల్లో దూరి గుడ్డ బిగించుకున్నారు. విత్తనానికి పురుగు వచ్చిపడిందనుకుని ఈశ్వరి మిగిలిన విత్తనం సంచి మీద పడి చేతులతో కప్పేసింది. నేల మీద పడిన పురుగుల రెక్కలు వాటంతట అవే ఊడిపోతున్నాయి. పుట్టగానే రెక్కలు పారేసుకునే జీవి ఏమిటో నాకేమీ అర్థం కాలేదు.

హుసేనప్ప తాత అరచెయ్యి చాపి నిలబడ్డాడు. ఒకటి వాలితే దగ్గరికి తెచ్చుకుని చూశాడు.

"ఉసిళ్ళు," అన్నాడు. "ఉసిళ్ళమ్మా ఇవి."

దీపం తెమ్మన్నాడు. పెద్ద గిన్నెలో నీళ్ళు పోసి దాని కింద పెట్టమన్నాడు. ఎందుకో తెలియకపోయినా తెచ్చాం. అవి దీపం చుట్టూ తిరిగి తిరిగి నీళ్ళలో పడ్డాయి. వాటిని తీసి, రెక్కలు ఊది, ఇనుప పెనం మీద వేయించమన్నాడు. తొలివాన తర్వాత వచ్చేవట. వాళ్ళమ్మ పుట్నాలతో కలిపి పెట్టేదట. ఇవి చెదపురుగులేనట, నేల లోపల ఉండి చచ్చిన చెట్ల వేళ్ళు తింటాయట. పొడి ఏళ్ళలో చచ్చిన చెట్లన్నీ వేళ్ళతో సహా ఈ నేల కిందే ఉన్నాయి. వాన పడితే పలకలు తుడిచే పని ఉండదు కాబట్టి వాన వేళకు మాలో ఎవరూ ఎప్పుడూ బయట లేరు. అందుకే ఇన్నేళ్ళూ ఇది ఎవరి కంటా పడలేదు.

మరి ఈ సాలీడు పాతదా కొత్తదా అని ఆయన్నడిగాను. మీ చిన్నప్పుడు ఇవి మూతలు తెరిచి ఉసిళ్ళను పట్టేవా తాతా అని.

"యాడ చూసినామమ్మా. అప్పుడు మా చూపంతా దీపం మీదనే. కిందికెవురు చూస్తారు."

ఆహారం అన్న చోట ఉసిళ్ళు అని రాశాను. వాన లేని మిగతా ఏడాదంతా ఏం తింటాయో తెలియదని దాని కిందే రాశాను. కొత్త జాతి అన్న మాట కొట్టేశాను. కొట్టేసి, మళ్ళీ రాసి, పక్కన ప్రశ్న గుర్తు పెట్టాను. పేరు మాత్రం మూత సాలీడు అనే ఉంచాను.

అప్పటికి గుడారాల్లో దాక్కున్నవాళ్ళంతా బయటికొచ్చి పెనం చుట్టూ కూర్చున్నారు. ఈశ్వరి బొబ్బల చేతుల్లో వేడివి పోసుకొచ్చి నా ఒళ్ళో పోసింది. తినమంది. గిన్నెలో రెక్కలు ఊడనివి రెండు దొరికితే ముందు వాటిని ఏరి సారా సీసాలో వేశాను. తర్వాత తిన్నాను. అందరూ ఎలా ఉంది అని నన్నే అడిగారు, పురుగులు నా శాఖ కదా. ఇంకో గుప్పెడు తిన్నాను. దేనిలాగా ఉందో చెప్పడానికి నాకు పోలిక దొరకలేదు.